తలుపు దగ్గర మర్యాద

బ్లజెనా సంచి సర్దుతోంది. డాన్సు బూట్లు పెట్టుకునే గళ్ళ గుడ్డసంచి అది. అంతకన్నా పెద్దది తీస్తే వీధి వీధంతా కనిపెట్టేస్తుంది. ఒక మనిషి బతుకంతా అందులోనే పట్టాలి.

సబ్బు, లోదుస్తులు, రొట్టె, ఒక చిన్న సీసాడు ప్లమ్ పళ్ళ జాము. గడ్డం గీసుకునే కత్తి పెట్టబోతే కొడుకు రదీమ్ తీసి పక్కన పెట్టాడు.

"అది వద్దమ్మా. ఆ నీలం స్వెట్టరు పెట్టు."

"ఎప్పటిదిరా అది. నీకు మోచేతులు దాటదు."

"వెచ్చగా ఉంటుంది. పెట్టు."

పెట్టింది. ఈ పూట వాడితో వాదించే ఓపిక లేదు.

రష్యా ట్యాంకులు దేశంలోకి వచ్చి ఏడాదైన రోజున రదీమ్, వాడి క్లాసులో చదివే ఇవోనా కలిసి బడి గేటుకు నల్లగుడ్డ కట్టారు. ఇద్దరి పేర్లూ పోలీసులకు చేరాయి. వచ్చే వారమే విచారణ. ఇక బడి ఉండదు. జైలు ఉండొచ్చు.

ఆస్ట్రియాలో ఉన్న బ్లజెనా తమ్ముడు ఒక లారీ మాట్లాడాడు. చెరువుల్లో చేపలు పట్టే కాలం. బతికున్న చేపల్ని తొట్లలో వేసుకుని సరిహద్దు దాటే లారీ. తొట్ల వెనక ఒక్కరు ముడుచుకుని పడుకోవచ్చు. ఒక్కరే. డ్రైవరు పేరడగడు, ఊరడగడు. గళ్ళ సంచే గుర్తు. ఈ రాత్రి డాన్సు క్లాసు అయ్యేసరికి లారీ హాలు వెనక తలుపు దగ్గర ఆగుతుంది.

"మరి ఇవోనా?" అని రదీమ్ ఒకసారి అడిగాడు.

"నల్లగుడ్డ తెచ్చిందెవరు? అదేగా. దాని సంగతి దాని వాళ్ళు చూసుకుంటారు."

వాడు మళ్ళీ అడగలేదు.

డాన్సు క్లాసు ఎప్పటిలాగే మొదలైంది. తల్లులు పైన బాల్కనీలో, పిల్లలు కింద. అబ్బాయిలంతా తెల్ల గ్లవుజులు, బిగుసుకున్న టైలు. కుద్లాచెక్ మాస్టారు చప్పట్లు కొట్టాడు.

"ఒరే అబ్బాయిలూ, సారాకొట్లోకి వెళ్ళేటప్పుడు ముందు ఎవరు?"

"మగవాడు!"

"ఎందుకు?"

"లోపల్నుంచి గ్లాసు ఎగిరొస్తే వాడికే తగలాలి కాబట్టి."

"బయటికి వచ్చేటప్పుడు?"

"ముందు ఆడవాళ్ళు."

"బయట వాన పడుతుంటేనో మాస్టారూ?" అన్నాడో కొంటెవాడు.

"అయినా ఆవిడే ముందు. తలుపు పట్టుకోవడం నీ పని, తడవడం కూడా నీ పనే."

హాలంతా నవ్వింది. రదీమ్ నవ్వలేదు.

బ్లజెనా పక్కన కూర్చున్న హెర్మీనా మోచేత్తో పొడిచింది. "చూశావా వదినా, ఆ ఇవోనాని? తెల్ల గౌను కింద ఊలు మేజోళ్ళు. చేలో బంగాళాదుంపలు తవ్వడానికి పోతున్నట్టు. మీవాడు చూస్తే దాన్ని తప్ప ఇంకెవరినీ పిలవడు."

"ఈ ఒక్కరోజూ పిలుచుకోనీ," అంది బ్లజెనా. అని నాలుక్కరుచుకుంది. హెర్మీనా పట్టించుకోలేదు.

చివరి వాల్ట్జ్ డాన్సు తల్లులతో చెయ్యాలి అన్నాడు మాస్టారు. రదీమ్ మెట్లెక్కి వచ్చి, కాళ్ళు జోడించి, తల వంచాడు. "దయచేస్తారా?"

బ్లజెనా వాడి చెయ్యి పట్టుకుని కిందికి దిగింది. కొడుకు భుజం ఎప్పుడు ఇంత ఎత్తయిందో తెలియలేదు. గుండ్రంగా తిరుగుతుంటే దీపాలన్నీ చెదిరిపోయి కనిపించాయి. వాడి మెడ దగ్గరి సబ్బు వాసన ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంది.

"నామీద కోపం పెట్టుకోకమ్మా."

"కోపమెందుకురా పిచ్చి నాన్నా. పంపుతున్నది నేనే."

"ఇంట్లో వెల్లుల్లి సూప్ ఉందా?"

"ఉంది. కానీ నువ్వు..."

"పొయ్యి మీదే ఉంచు."

అలవాటు కొద్దీ అడిగి ఉంటాడు, పాపం. పాట ఆగింది. నేర్పిన ప్రకారం ఆమెను కుర్చీదాకా తీసుకొచ్చి, థాంక్స్ చెప్పి, గ్లవుజు తీసి చేతిని ముద్దు పెట్టుకున్నాడు.

కోట్లు తగిలించిన గది దగ్గర ఆమె చివరిసారి చూసింది. రదీమ్ ఇవోనాకు కోటు తొడుగుతున్నాడు. ఆ పిల్ల కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. వెనక తలుపు అవతల లారీ ఇంజను గురగురమంటోంది. వాన పడుతోంది. రదీమ్ తలుపు తెరిచి పట్టుకుని, సంచి మరో చేత్తో పట్టుకుని, పక్కకు జరిగి నిలబడ్డాడు. ఇవోనా గడప దాటింది. వెనకే వాడు. ఈ వేళప్పుడు కూడా మర్యాద తప్పలేదు నా తండ్రి, అనుకుంది బ్లజెనా.

వెనక్కి తిరగకుండా ఇంటికొచ్చింది. పొయ్యి వెలిగించింది. ఎవరి కోసమో తెలియకుండానే సూప్ వేడి చేసి, దాని ముందు కూర్చుని ఏడ్చింది.

ఆ సూప్ చల్లారకముందే రదీమ్ తడిసిన డాన్సు బూట్లతో, వట్టి చేతులతో ఇంటికొచ్చాడు; 1969 అక్టోబరు పదిహేడు, శుక్రవారం నాడు వెళ్ళి మరి తిరిగి రానిది ఇవోనా.