వీధివైపు గోడ

“గోడేదిరా?”

రిక్షా పూర్తిగా ఆగకముందే రిబ్కా టీచరు వేసిన కేకకి రేపల్లె పేటలో సగం జనం బయటికొచ్చారు. తెనాలి నుంచి రైల్లో ఉక్కపోతకి ఉడికిపోయి వచ్చిన మనిషి. మేనల్లుడు జ్ఞానానందం అందించిన మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు. మడిచిన గొడుగుని ఇంటికేసి చూపిస్తూ నిలబడిపోయింది.

ఆ ఇంటికి వీధివైపు ఉండాల్సింది కిటికీ కూడా లేని నిండు గోడ. ఇప్పుడు దాని మధ్యలో తలుపంత ఖాళీ ఉంది. ఆ ఖాళీకి పైనుంచి కిందిదాకా తెల్ల దుప్పటి కట్టి ఉంది.

“రేపు ఆగస్టు పదిహేను కదత్తయ్యా. అందరి ముందూ మీ చేత్తో ఆ దుప్పటి తీయిద్దామని...”

“దుప్పటి గురించి అడిగానా? గోడ ఏం చేశావు?”

“మొన్న ఆశ్లేష కార్తె వానకి పెచ్చులూడిపోయిందండి. బాగుచేద్దామని గీకుతుంటే...”

“వానొచ్చి తలుపంత మేర కొలుచుకుని కోసుకుపోయిందా? ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పానురా నేను. నాకా కథలు?”

తాలూకా ఆఫీసులో ఎంతమందికో సర్దిచెప్పే గుమాస్తా జ్ఞానానందం మేనత్త ముందు మళ్లీ నిక్కరేసుకున్న పిల్లాడైపోయాడు.

ఆ ఇల్లు రిబ్కా తండ్రి యాకోబు పంతులిది. పేటలో మొదటి పెంకుటిల్లు అదే, మొదటి బడీ అదే. పొలం పనుల నుంచి వచ్చిన కూలీలు సాయంత్రాలు అక్కడే పలక పట్టారు. పంతులు పోయి ఏళ్లయ్యాక ఇల్లు కూలిపోయే స్థితికొస్తే, పేటవాళ్లంతా కూడబలుక్కున్నారు. ఇంటిని మునుపున్నట్టే నిలబెట్టి, లోపల పుస్తకాలు పెట్టి, మన పిల్లలకి మన కథ చూపిద్దామనుకున్నారు. ఇల్లు రిబ్కా పేరున ఉంది. ఇస్తానంది కానీ ఒకటే షరతు పెట్టింది. వీధివైపు గోడ మీద చెయ్యి వెయ్యకూడదు. చర్చిలో బైబిలు పట్టుకుని జ్ఞానానందం సరేనన్నాడు.

“ఆ గోడ ఎందుకుంచమన్నానో మర్చిపోయావా?”

“లేదండి.”

“అంటరానివాళ్ల వాకిలి ఈ వీధిలోకి తెరుచుకోకూడదని కామందుల కట్టుబాటు. వాళ్ల బళ్లు తిరిగే దారి కదా మరి! మనల్ని ఎలా బతకనిచ్చారో రేపటి పిల్లలు ఆ గోడని చూసి తెలుసుకోవాలన్నాను. నువ్వేమో శుభ్రంగా తలుపు పెట్టేసి, ఏమీ జరగనట్టు పూలదండలు కడుతున్నావు.”

“ఒక్కసారి దగ్గరికొచ్చి చూడండత్తయ్యా...”

“నా పెళ్లి సంగతి తెలుసా నీకు? పదిరోజుల ముందు, ఇంట్లో పనుందంటూ నాన్న నన్ను బాపట్లలో దానమ్మ పిన్ని ఇంటికి తోలేశాడు. వచ్చి చూస్తే పనేముంది? ఈ గోడకి కొత్త సున్నం! పెళ్లికూతుర్ని, పెరటి దారిన మురిక్కాలవ దాటి చర్చికి పోయాను. పట్టుచీర అంచంతా బురద. ఒక్కరోజు వీధిలోంచి పంపు నాన్నా అని కాళ్లావేళ్లా పడ్డాను. ఈ గోడకి చెయ్యి ఆనించి తలొంచుకున్నాడు తప్ప నోరు మెదపలేదు. పిరికివాడివి అనేశాను. మళ్లీ ఈ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదురా నేను.”

పంతులికి ఆ గోడంటే ఎక్కడలేని శ్రద్ధ. ఏటా క్రిస్మస్‌కి ముందు తనే మట్టి తొక్కి, తనే మెత్తి, తనే సున్నం వేసేవాడు. ఇంకొకర్ని చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. క్యాలెండరుకి మేకు కొట్టబోయినా కేకలేసేవాడు. కామందుల మెప్పు కోసమే ఈ సోకులన్నీ అని రిబ్కా ఆయనున్నన్నాళ్లూ అనుకుంది, పోయాకా అనుకుంది. ఇల్లు తన పేరున రాసినా ఆమె మనసు కరగలేదు.

ఇప్పుడు వీడు. ఒకే గోడ దగ్గర, తను ఎక్కువగా నమ్మిన ఇద్దరూ తనని మోసం చేశారు. ఆమెకి కోపం కన్నా దుఃఖం ముంచుకొచ్చింది.

చేతిసంచిలోంచి దానపత్రం తీసి చింపబోయింది.

“సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టాలన్నావుగా. పెట్టను. ఇల్లు కూలితే కూలనీ.”

“అత్తయ్యా, చింపకండి! మూడు నెలలుగా పేటంతా ఒళ్లు దాచుకోకుండా పనిచేసింది.”

“నాకిచ్చిన మాట తప్పమని కూడా పేటే చెప్పిందా?”

“మీకు ముందే ఉత్తరం రాయాల్సింది. రేపు చూసి సంతోషిస్తారని ఆగాను. నాదే తప్పు.”

“సంతోషమా? ద్వారబంధం ఎక్కడ కొన్నావు? తెనాలి కలప అడితిలోనా?”

“కొనలేదండి.”

“మరి ఎవరు చేసి పెట్టారు?”

జ్ఞానానందం పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

రిబ్కా విసురుగా వెళ్లి దుప్పటి పట్టి లాగింది. కొత్త చెక్క మెరుపేదీ కనపడలేదు. నల్లతుమ్మ ద్వారబంధం. చెదలు పట్టకుండా పూసిన తారు ఎండి బీటలు వారింది. బీటల్లో ఇంకా, దాన్ని కప్పి మూసిన పాత గోడ మట్టి ఉంది. చింపబోయిన కాగితం చేతిలో ఉండగానే, ఆమె కళ్లద్దాలు సరిచేసుకుని తలెత్తింది.

పైచెక్క మీద ఉలితో చెక్కిన నాన్న దస్తూరీ: ‘రిబ్కా పెళ్లి వాకిలి, 1932.’