మర్యాద మితిమీరింది

“మాట తీరు మార్చుకోండి. ఇంకొక్క కటువైన జవాబు రాస్తే మీ ఖాతా శాశ్వతంగా మూసేస్తాం.”

ల్యాప్‌టాప్‌లో ఆ హెచ్చరిక చూసి పార్వతి మొహం కందగడ్డలా అయింది. మార్కాపురంలో వాళ్ళ నాయన బట్టల దుకాణంలో, గల్లాపెట్టె పక్కనే ఆ పిల్ల ఆఫీసు. హెచ్చరిక వచ్చింది ‘కోడ్ చావిడి’ నుంచి. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తెలుగులో సందేహాలు అడిగి తీర్చుకునే వెబ్‌సైటు అది. అక్కడ ఎవరు ఎలా మాట్లాడుతున్నారో కనిపెట్టి చూసే మోడరేటర్‌ని అందరూ ‘చావిడి పెద్ద’ అంటారు.

“ఏం రాసినావు తల్లీ?” అన్నాడు వెంకటరామయ్య చీర మడత పెడుతూ.

“ప్రోగ్రాము ఆగకుండా తిరుగుతా ఉంది, ఎందుకని ఒకడు అడిగినాడు. తప్పు వాని కంటి ముందరే ఉంది. కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చినావా అన్నా. అంతే! అడిగిన ప్రశ్నకు జవాబియ్యకుండా పోకూడదని వాళ్ళే నియమం పెడతారు, ఇస్తే కసురుకున్నావంటారు.”

“అడగొచ్చినోన్ని అట్ల కసురుకుంటే మళ్ళా గడప తొక్కుతాడా?”

“చావిడి దుకాణం కాదు నాయనా.”

“మనిషొచ్చి అడిగే చోటల్లా దుకాణమే.”

అప్పటికే కొనకనమిట్ల నుంచి వచ్చిన కోటమ్మ బీరువాలో చీరలన్నీ దింపించింది. ప్రతి కొంగూ వెలుతురులో పట్టి చూసింది. “గొర్రెలు తోలేదానికి ఇంత మెరుపెందుకులే శెట్టీ” అని ఉత్త చేతులతో లేచింది. వెంకటరామయ్య మంచినీళ్ళిచ్చి, “బలే మాట చెప్పినావమ్మా. మళ్ళా మన దుకాణానికే రావల్ల” అని మెట్లదాకా సాగనంపాడు.

చూస్తున్న పార్వతికి ఒళ్ళు మండింది. కానీ ఏం చేస్తుంది? సోమవారం ఇంటర్వ్యూ. చావిడిలో ఆమె రాసిన జవాబులు చూశాకే ఉద్యోగం ఇస్తామని కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. ఖాతా పోతే చూపించడానికి ఏమీ మిగలదు.

“సరే నాయనా, ఎట్ల రాయాల్నో నువ్వే చెప్పు.”

ఆ పూట నుంచి లోపలి సరుకు కూతురిది, పైన చుట్టే కాగితం తండ్రిది. “అయ్యా, చాలా మంచి ప్రశ్న అడిగారు” అని మొదలు. మధ్యలో పార్వతి కోడు. చివర “ఇంకేమైనా కావాలంటే మొహమాటపడకుండా అడగండి. మీకు సాయపడటమే మాకు సంతోషం.” ఎవడైనా అడ్డదిడ్డంగా వాదించాడా, “మీరన్నదీ నిజమే” అని మొదలుపెట్టి, వాడికి రెండు దండాలు ఎక్కువ పెట్టించేవాడు వెంకటరామయ్య. పార్వతి పళ్ళు నూరుకుంటూనే అన్నీ టైపు చేసింది. నాలుగు రోజుల్లోనే మెప్పులు కుప్పలు పడ్డాయి.

తీరా ఇంటర్వ్యూ రేపనగా ఖాతా తెరుచుకోలేదు.

“మీ జవాబులన్నీ పొగడ్తతో మొదలై దండంతో ముగుస్తున్నాయి. మనుషులు ఇంత మర్యాదగా ఉండరు. ఇవి యంత్రంతో రాయించినవి. చావిడిలో అది నిషిద్ధం కాబట్టి ఖాతా మూసేశాం. ఇక్కడే బదులు రాసి మీరు మనిషేనని రుజువు చేసుకుంటే తెరుస్తాం.”

“పొరపాటు పడినాడులే పాపం,” అన్నాడు వెంకటరామయ్య. “నాలుగు మంచి మాటలు రాద్దాం. నేను చెప్తా, టైపు కొట్టు. చావిడి పెద్దగారికి నమస్కారం. మీ అనుమానం న్యాయమైనదే. మీ విలువైన సమయం తీసుకున్నందుకు మన్నించండి. మార్కాపురం వైపు వస్తే మా ఇంట్లో భోంచేసి వెళ్ళండి.”

పంపీ పంపకముందే జవాబు వచ్చింది. “ఇదీ యంత్రం రాసిందే.”

“అబ్బ, ఎంత బిరాన చూసినాడు! అన్నానికి కూడా లేసినట్టు లేదు.” వెంకటరామయ్య జాలిపడి, ఇంకా మెత్తగా ఇంకోటి చెప్పి రాయించాడు.

“ఇది మరీ యంత్రం,” అని వచ్చింది.

పార్వతి ల్యాప్‌టాప్ పక్కకు నెట్టేసింది. “నా మాటతో పోతాదనుకుంటే నీ మాటతో పోయింది నాయనా. రేపు వాళ్ళకేం చూపియ్యాల?” అంటూ ఏడ్చేసింది.

పెద్దదయ్యాక ఆ పిల్ల ఏడవగా వెంకటరామయ్య చూడలేదు. ముందు ఆయన మనసు కలుక్కుమంది. తర్వాత కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఎంతమంది కోటమ్మల ముందు నవ్వుతూ మింగాడో, ఆ కోపమంతా కలిసి ఒక్కసారే వచ్చింది.

“ఇటు జరుగు.”

ఒంటి వేలితో తనే పొడవడం మొదలుపెట్టాడు.

“ఏమయ్యా పెద్దమనిషీ, నువ్వు అన్నం తింటుండావా, గడ్డి తింటుండావా? నా బిడ్డ రేయింబగళ్ళు కూచొని పదిమందికి దారి చూపిస్తే యంత్రమంటావా? భోజనానికి పిలిస్తే అదీ యంత్రమేనా? రా మా ఊరికి, ఈసారి భోజనం కాదు, బడితెపూజ చేస్తా!”

“నాయనా, వద్దు! కటువుగా రాస్తే ఇంక జన్మలో తెరవరు!”

పార్వతి చెయ్యి పట్టుకునేలోపే ఆయన నొక్కేశాడు. వేలు ఎత్తకముందే జవాబు వచ్చిపడింది. పార్వతి గట్టిగా కళ్ళు మూసుకుంది. వెంకటరామయ్యే కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు.

“మీరు మనిషేనని రుజువైంది. ఖాతా తెరిచాం. మాట తీరు మాత్రం మార్చుకోండి. ఇక, అడిగిన ప్రశ్నకు జవాబివ్వకుండా పోకూడదన్నది చావిడి నియమం కాబట్టి, మీరు అడిగినదానికి జవాబు: అన్నమూ కాదు, గడ్డీ కాదు. కరెంటు.”