సిమెంటు షేర్లు

గోపాలకృష్ణయ్య బ్యాంకు మెట్లెక్కుతుంటే ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపారు.

తిరిగి చూశాడు. అరవై దాటిన మనిషి. నెరిసిన గడ్డం, మాసిన లాల్చీ, కాళ్ళకి టైరు చెప్పులు.

"అయ్యా, మీ చేతిలో ఉన్నది సిమెంటు కంపెనీ ఫారమేనా?"

"అవును. అయితే ఏంది?"

"డబ్బు కట్టమాకండి."

గోపాలకృష్ణయ్యకి నవ్వొచ్చింది. నరసరావుపేటలో తనకి షేర్ల సంగతి చెప్పగల మనిషి లేడని ఆయన నమ్మకం.

ఆయన తాలూకాఫీసులో గుమాస్తాగా పనిచేసి, ఎనభై ఒకటిలో రిటైరయ్యాడు. ఈ నాలుగేళ్ళూ ఆయనకి రెండే పనులు. బజారుకెళ్ళడం, షేర్లు కొనడం. నిజానికి ఆ రెండూ ఒకటే పని. బసవపున్నయ్య కిరాణా కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, జనం ఏ సబ్బు అడుగుతున్నారో, ఏ టీపొడి లేదంటే కొట్టు మారుస్తున్నారో చూసేవాడు. అట్లా మూడు నెలలు చూసి, ఆ కంపెనీవి ఓ పాతిక షేర్లు కొనేవాడు. ఏడాదికోసారి పోస్టులో డివిడెండు వస్తే ఆ రోజు ఇంట్లో పాయసం.

"సబ్బు తెమ్మంటే సబ్బు కంపెనీని తెస్తారమ్మా మా ఆయన," అని భార్య హనుమాయమ్మ ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది.

ఈసారి మాత్రం పెద్ద మొత్తం. ఎడ్లపాడులో హనుమాయమ్మకి పుట్టింటివాళ్ళిచ్చిన ఎకరం అమ్మితే వచ్చిన పద్దెనిమిది వేలు. మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ వస్తోందని, ఆలస్యమైతే షేర్లు దొరకవని ఊరంతా ఒకటే మాట.

"కట్టొద్దని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముందయ్యా. మాది ఆ పక్కే. అక్కడ గేటుంది, బోర్డుంది. లోపల ఒక్క ఇటుక లేదు."

గోపాలకృష్ణయ్య ఫారం మీది బొమ్మ చూపించాడు.

"మరి ఈ పొగగొట్టం?"

"అది ఏ ఊరిదో. మా ఊరిది మాత్రం కాదు."

లోపలినుంచి బంట్రోతు గబగబా వచ్చాడు.

"ఏయ్ సాయిబూ! పొద్దున్నించీ నీతో ఇదే గోల. దిగు కిందికి. మేనేజరుగారు పోలీసుల్ని పిలుస్తానంటున్నారు."

ముసలాయన రెండు మెట్లు దిగాడు. వెళ్ళిపోలేదు.

"నా మాట నమ్మమాకండయ్యా. రేపు మాచర్ల బస్సెక్కి మీ కళ్ళతో చూడండి. పోతే బస్సు చార్జీ పోద్ది."

ఆ మాట గోపాలకృష్ణయ్యకి తగిలింది. రెండు రూపాయల సబ్బు గురించి మూడు నెలలు ఆలోచించే మనిషి, ఒక్క సిమెంటు బస్తా కూడా చూడకుండా పద్దెనిమిది వేలు కట్టబోతున్నాడు.

"నీ పేరేంది?"

"మౌలాలీ."

మర్నాడు మాచర్ల వెళ్ళాడు. గేటుంది. బోర్డుంది. లోపల మేకలు మేస్తున్నాయి.

ఆ డబ్బు తీసుకెళ్ళి సైకిల్ టైర్ల కంపెనీలో పెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఒకటిన్నర రెట్లయింది. సిమెంటు కంపెనీ ఆఫీసుకి తాళం పడింది. ఫారాలు నింపినవాళ్ళు వారానికోసారి గుంటూరు వెళ్ళి ఆ తాళం చూసి వస్తున్నారు.

"ఆ సాయిబుగారికి ఏమన్నా ఇచ్చారా?" ఒకరోజు హనుమాయమ్మ అడిగింది.

"ఏమిస్తాం? చెప్పాడు, విన్నాను."

"బాగుందండీ. నా ఎకరం డబ్బు నిలబెట్టిన మనిషికి ఒక దుప్పటన్నా కొనివ్వొద్దా?"

ఇద్దరూ కలిసి బజారుకెళ్ళారు. ఆమె నాలుగు దుప్పట్లు తీయించి, నాలుగూ వద్దంది. అయిదోది నచ్చింది. చేత్తో నలిపి చూసి, మెత్తగా ఉందంది.

"ఇది ఏ మిల్లుదయ్యా? నెలకెన్ని పోతాయి?" అని గోపాలకృష్ణయ్య కొట్టాయన్ని అడిగాడు.

"షేర్లు తర్వాత. ముందు దుప్పటికి డబ్బులియ్యండి," అంది హనుమాయమ్మ.

మాచర్ల దగ్గర, ఆ గేటు పక్క ఊళ్ళో మౌలాలీ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. తలుపు తీసింది ఆయన భార్య గుల్జార్ బేగం.

"ఆయన పోయి ఎనిమిది నెలలైందయ్యా," అంది.

గోపాలకృష్ణయ్య దుప్పటి పట్టుకుని గడపలోనే నిలబడిపోయాడు. ఆమె మంచం వాల్చి కూర్చోమంది. ఆయన బ్యాంకు మెట్ల మీద జరిగిందంతా చెప్పాడు.

వింటూ వింటూ ఆమె ముఖం విప్పారింది.

"ఒక్కరన్నా విన్నారన్నమాట! వారం రోజులు తిరిగాడయ్యా. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల, ఏ బ్యాంకునీ వదల్లేదు. సగం మంది తిట్టారు, సగం మంది నవ్వారు. మీరొచ్చి ఈ మాట చెప్పారు, నాకదే చానా."

దుప్పటి తీసుకుని భుజాల చుట్టూ కప్పుకుంది. కొడుకు పంక్చరు షాపు పెట్టాడని, ఇల్లు బాగానే గడుస్తోందని చెప్పింది. టీ ఇచ్చింది. తర్వాత ఏదో గుర్తొచ్చి, ట్రంకుపెట్టె తెరిచి ఒక కాగితాల కట్ట తీసింది.

"మీరు షేర్లు తెలిసిన మనిషి గదా. ఇవేమన్నా పనికొస్తయ్యేమో చూడండయ్యా."

గోపాలకృష్ణయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. అవి అదే సిమెంటు కంపెనీ షేర్లు. అన్నీ మౌలాలీ పేరు మీదే.

"ఇవి మీ దగ్గరికెట్లా వచ్చినయ్?"

"ఫ్యాక్టరీకని మా నాలుగెకరాలూ తీసుకుని, డబ్బులకి బదులు ఈ కాగితాలిచ్చారు. బ్యాంకుల్లో జనం ఎగబడి షేర్లు కొంటే, అప్పుడు ఇవి అమ్ముకోవచ్చు, పొలం ఖరీదుకి రెట్టింపు వస్తదన్నారు."

ఆ జనాన్నే మౌలాలీ వారం రోజులపాటు బ్యాంకుల ముందు నిలబడి వెనక్కి పొమ్మని బతిమాలాడు.