గడ్డి మంట

"ఏయ్, ఎవరది? స్టేజీ ఎనుక మంటేంది?"

జగదీశ్ గిటార్ పక్కన పెట్టి పరిగెత్తాడు.

గద్వాల కాలేజీ మైదానం. ఇంకో రెండు గంటల్లో 'నడిగడ్డ' బ్యాండు ప్రోగ్రాం. స్టేజీ వెనుక, జనరేటరుకు పదడుగుల దూరంలో ఒకాయన గొంతుక్కూర్చుని వరిగడ్డికి నిప్పు పెడుతున్నాడు. యాభై అయిదేళ్లుంటాయి. ఒళ్లో డప్పు.

జగదీశ్ బూటుకాలితో మంట తొక్కేశాడు.

"దిమాక్ ఉందా? జనరేటర్ల డీజిల్ ఉన్నది!"

"తోలు డప్పు సారూ. కాపకుంటే పలకదు."

"నిన్నెవరు పిలిచిండ్రు?"

"ఎవరు పిలువలే. మీరు ఈడ పాడుతున్నరని మా ఊరు ధరూర్ల చెప్పుకుంటుండ్రు. నా పేరు ఇస్రాయేలు. ఒక్క పాటకు కొడ్త."

డ్రమ్మర్ శ్రవణ్ కుమార్ నవ్వాడు. "మాది ఫైబర్ డప్పు తాతా. నట్లు బిగిస్తే సాలు. మంట లేదు, పొగ లేదు."

జగదీశ్ నవ్వలేదు. అతని పరేషాన్ వేరే ఉంది.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేల పేరే పెట్టుకుని, పన్నెండేళ్ల కింద రాక్ గిటారుకు డప్పును జోడించిన బ్యాండు అది. పెళ్లి బస్సుల్లో వాళ్ల పాటలే. పత్తి ట్రాక్టర్లలో వాళ్ల పాటలే.

ప్రతి పాటకూ డప్పు ట్రాకు తెచ్చేవాడు తిరుపతి. స్టూడియోలో మంట పెట్టనివ్వరని, ఎక్కడో చేనులో రికార్డు చేసుకుని వచ్చేవాడు. ప్రోగ్రాముల్లో ఆ ట్రాకు కంప్యూటర్లో నడిచేది. తిరుపతి డ్రమ్స్ వాయించేవాడు.

మూడేళ్ల కింద గుండెపోటుతో తిరుపతి పోయాడు.

ఆ తర్వాత చేసిన ఆరు పాటలూ పడుకున్నాయి. 'వీళ్ల పని అయిపోయింది' అన్నారు జనం. కాలేదని జగదీశ్ ఒక్కడే వాదిస్తున్నాడు. ఈరోజు ఏడో పాట. దీనికీ జనం లేవకపోతే బ్యాండు ఆపేద్దామని నలుగురూ మాట అనుకున్నారు.

"తిరుపతి మీకేం చెప్పలేదా సారూ?" అడిగాడు ఇస్రాయేలు.

"ఏం చెప్పాలె?"

ఇస్రాయేలు అతని మొహంలోకి ఒక క్షణం చూశాడు.

"ఏం లేదు."

"తిరుపతి పేరు చెప్పుకుంట వచ్చినోళ్లల్ల నువ్వు పదోవానివి. జర పో. మాకు పనున్నది."

ఇస్రాయేలు తువ్వాలలో డప్పు చుట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"మీ కొత్త పాట ఇందాక ఇన్న. నాలుగో దెబ్బ కాడ ఎంటికంత ఆగాలె. మీరు ఉరుకుతున్నరు."

"తాళం కంప్యూటర్ ఇస్తది తాతా," అన్నాడు శ్రవణ్ కుమార్. "అస్సలు తప్పదు."

"తప్పుతలేదు బిడ్డా. గందుకే కాలు కదుల్తలేదు."

"సరే సరే. రేపొచ్చి చెప్పు," జగదీశ్ మాట తుంచేశాడు.

"రేపుండ సారూ. పొద్దుగాల బొంబాయి బస్సెక్కుత. ఆడ వాచ్‌మన్ పని దొరికింది."

ఆరిన గడ్డిని కాలితో ఒక పక్కకు నెట్టి, గేటు వైపు నడిచాడు.

ప్రోగ్రాం పాత పాటతో మొదలైంది. మైదానం మొత్తం లేచింది. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు కూడా లాఠీ చంకలో పెట్టుకుని అడుగేశాడు.

తర్వాత కొత్త పాట.

ముందు నాలుగు వరుసలు కూర్చున్నాయి. తర్వాత పది.

"పాతదే కొట్టన్నా!" ఎవరో అరిచారు.

సగం పాటకల్లా జనం ఐస్‌క్రీం బండి చుట్టూ మూగారు.

జగదీశ్ మైకు అందుకున్నాడు. "ఇదే మా ఆఖరి ప్రోగ్రాం. సెలవు."

వద్దని ఎవరూ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం జగదీశ్, తిరుపతి డ్రమ్స్ ఆటోలో వేసుకుని వనపర్తి వెళ్లాడు. తిరుపతి భార్య సుమన తలుపు తీసింది.

"ఇవి ఇంట్ల ఉండనీ చెల్లె. ఇగ బ్యాండు లేదు."

"ఆయన పోయినంక ఎప్పుడన్నా గిట్లయితదని అనుకున్ననన్నా." ఆమె లోపలికి వెళ్లి బీరువాలోంచి ఒక చిన్న హార్డ్ డిస్క్ తెచ్చింది. "దీన్ని ఎవర్ని ముట్టనియ్యకపోతుండె. నాకేమో తెరిచుడు తెల్వదు. మీరే చూడుండ్రి."

జగదీశ్ తన ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. వాళ్ల మొదటి పాట డప్పు ట్రాకు కనిపించింది. తిరుపతి బ్యాండుకు ఇచ్చిన ట్రాకులో ఒక్క మాట వినిపించదు, నేరుగా దరువుతో మొదలవుతుంది. ఇది కత్తిరించనిది. దరువుకు ముందు ఇంకో నిమిషం ఉంది.

ముందుగా గడ్డి చిటపట.

ఆ తర్వాత తిరుపతి గొంతు. "ఇంకెంత సేపన్నా? బ్యాటరీ అయిపోతది."

సుమన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎవరో దగ్గారు. "జర ఆగు తమ్మీ. తోలు ఇంక కాగలే."

జగదీశ్ సౌండు పెంచాడు. నిన్న స్టేజీ వెనుక విన్న గొంతు.

డప్పు కాపి తిరుపతి చేతికి ఇచ్చేవాడన్నమాట. కాసేపు కూర్చోనిస్తే పోయేది, అనుకున్నాడు. గోడ గడియారం ఒంటిగంట చూపిస్తోంది. బొంబాయి బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

అప్పుడే దరువు మొదలైంది.

నాలుగో దెబ్బ దగ్గర వెంట్రుకంత ఆగి మళ్లీ అందుకున్న ఆ దరువు వెనకాల, తిరుపతి రెండు చేతులా చప్పట్లు కొడుతూ అరుస్తున్నాడు: "కొట్టు ఇస్రాయేలన్నా, కొట్టు!"