ముల్లు ఎరుపు దాటింది

"ముల్లు యాడుండాదో చూసి చెప్పు," అన్నాడు నందీష్, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆశ ముందుకు వంగి చూసింది. ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీతను దాటేసింది.

"ఎరుపులోకి పోయింది."

"దేవుడా, ఇంగ రోంత దూరం పోనీ," అన్నాడు నందీష్.

దేవుడికి వేరే పనులున్నట్టున్నాయి. బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది. ముందరి అద్దం మొత్తం తెల్లబడింది. నందీష్ పికప్ బండిని రోడ్డు పక్కకు లాగి ఆపేశాడు.

తిరుమణిలో బయలుదేరి ఎంతోసేపు కాలేదు. మధ్యాహ్నం శనక్కాయ వామి దగ్గర పురుగు ముట్టింది. ఆ ఊళ్ళలో అలాంటప్పుడు పాము అనే మాట నోట రానివ్వరు. పురుగనే అంటారు. పేరు మార్చినంత మాత్రాన విషం తగ్గుతుందా? పావగడ ఆసుపత్రికి చేరి సూది పడితే బతుకు, లేదంటే లేదు. అంబులెన్సు వచ్చేదాకా ఆగలేక ఇంట్లో ఉన్న ముగ్గురూ సొంత బండే ఎక్కారు. తోలడం వచ్చింది నందీష్ ఒక్కడికే. నందీష్, భార్య ఆశ, తల్లి నరసక్క.

నరసక్క కిటికీకి తల ఆన్చి కళ్ళు మూసుకుంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఇద్దరి మధ్యలో ఆశ కూర్చుంది.

"నిద్ర పోగూడదు. మాట్లాడతా ఉండాల," అని దారి పొడుగునా అంటూనే ఉంది.

నరసక్క పలకలేదు. నందీష్ మాత్రం ఎక్కింది మొదలు నోరు మూయలేదు. అదీ రేడియేటరు గురించే. షెడ్డాయన కూలెంట్ పొయ్యమన్నా వినకుండా బోరు నీళ్ళే పోసినాడట, లోపల ఉప్పు గారలా పట్టిందట, గొట్టాలు తినేసిందట. ఇదా ఇప్పుడు చెప్పుకోవాల్సిన సంగతి? భయం వేస్తే కొందరంతే.

"అత్తా, నువ్వు దిగొద్దు. ఈడనే కూచో," అని ఆశ నందీష్ వెనకే దిగింది.

నందీష్ రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. బానెట్ ఎత్తింది ఆశే. కొంగు చుట్టుకుని రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోయింది.

"ముట్టొద్దు. ఇప్పుడు తీస్తే కాగిన నీళ్ళు మొగాన కొడతాయి."

"ఆగేదానికి టైము యాడుండాది?"

"లేదు. అయినా ఆగాల. ఇంజను పట్టేసిందంటే ఇంగ పావగడ మాట మర్చిపోవాల్సిందే. పైన లావు గొట్టం ఉండాది చూడు. యాడ కారతా ఉండాది?"

"కొసన. క్లిప్పు కాడ చీలింది."

"కొసనేనా? అయితే కోసి మల్లా ఎక్కించొచ్చు. ముందు నీళ్ళు తే."

నీళ్ళు ఎక్కడివి? ఎటు చూసినా సోలార్ పలకలే, ఆకాశం అంచు దాకా. ఆశ రెండు డబ్బాలు తీసుకుని కంచె వెంబడి గేటు దాకా పరుగెత్తింది. కాపలా ఉన్న హనుమంతరాయప్ప అడ్డంగా తల ఊపాడు.

"పలకలు కడిగే నీళ్ళమ్మా ఇవి. బయటికి ఇచ్చేదానికి లేదు."

"పురుగు ముట్టిందన్నా."

అతను బండి వైపు చూశాడు. కిటికీకి తల వాల్చిన ముసలామె కనిపించింది. ఇంకేమీ అడగలేదు. తనే డబ్బాలు లాక్కుని నింపి ఇచ్చాడు. ఆ చుట్టుపక్కల మనుషులు ఉప్పు నీళ్ళు తాగుతుంటే అద్దాలకు మాత్రం వడకట్టినవి పోస్తారు. ఆ పూట ఆ నీళ్ళే దిక్కయ్యాయి.

ఆశ రొప్పుకుంటూ తిరిగొచ్చేసరికి నందీష్ ఆ రాయి మీదే ఉన్నాడు. కనీసం గొట్టం అయినా కోసి పెట్టలేదు. చేతులు వణుకుతున్నాయి. ప్రాణం మీదికి వచ్చిన వేళ మగవాడు కూర్చుని, ఆడమనిషి చేత పని చేయిస్తుంటే చూసేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. ఆశ మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

"నువ్వు చెప్పు, నేను చేస్తా."

"గోనెపట్ట తడిపి మూత మీద ఎయ్యి. రోంత తిప్పు. ఆవిరి పోనీ. ఇప్పుడు మల్లా తిప్పు."

మూత ఊడింది. చేతికి వేడి తగిలినా వదల్లేదు. చీలిన కొసను కత్తితో కోసేసి, మిగిలిన గొట్టాన్ని బలంగా నెట్టి ఎక్కించింది. క్లిప్పు బిగించింది.

"ఇంగా బిగించు. చాలు, మర దాటిపోతాది."

నందీష్ డోరు పట్టుకుని ఎక్కి ఇంజను తిప్పాడు. మొదటిసారి దగ్గి ఆగిపోయింది. రెండోసారి అందుకుంది.

"సన్నగా పొయ్యి. ఒక్కసారే పోస్తే ఇంజను పగులుతాది. మూత గట్టిగా బిగించొద్దు, ఒత్తిడి పట్టగూడదు."

ఆశ నీళ్ళు పోసి ఎక్కగానే బండి కదిలింది. గేరు మారినప్పుడల్లా కరకరమంది. నిన్న మొన్న నేర్చుకున్నవాడిలా తోలుతున్నాడు.

"ముల్లు?"

"నడిమిట్లోకి దిగింది. పోనీ."

నందీష్ వాగుడు తగ్గిపోయింది. నరసక్క ఏడుపు మొదలుపెట్టింది. ఆశ గొంతు పెంచింది. "మాట్లాడు. నిద్రపోవద్దు. ఇదో ఊరొచ్చేసింది, ఇంగ రోంతే."

ఆసుపత్రి మెట్ల దగ్గర బండి గోడకు రాసుకుని ఆగింది. హారన్ ఆగకుండా మోగుతోంది. నర్సు, ఇద్దరు మనుషులు స్ట్రెచరు తోసుకుంటూ పరుగున వచ్చి, డోరు తెరిచి నరసక్క భుజాలు పట్టుకున్నారు.

"నాకు కాదు తల్లీ, బండి తోలుకొచ్చిన నా కొడుక్కి," అంది నరసక్క.