చేయి వణికే మనిషికి చెంచా

చెంచా నోటిదాకా వెళ్లేలోపే జావ చాలావరకు ముసలాయన చొక్కా మీద ఒలికింది.

నోట్లోకి వెళ్లిన కాస్తా చుబుకం మీదుగా జారి, చొంగతో కలిసి, బల్ల మీదున్న డ్రాయింగు మీద పడింది.

"ఛీ!" అంటూ వెనక్కి గెంతింది కంపాస్.

ఆ అమ్మాయిని అసలు పేరుతో బడిలో ఎవరూ పిలవరు. ఉత్త చేత్తో సున్నా చుట్టినా గుండ్రంగా వస్తుందని స్నేహితులు పెట్టిన పేరది.

తొమ్మిదో తరగతిలో ప్రతివాళ్లూ ఏదో ఒక చేతిపని నేర్చుకోవాలి. వడ్రంగమో, వెల్డింగో, కుట్టుపనో, డిజైనో. చేతికి మురికి అంటదని కంపాస్ డిజైను ఎంచుకుంది.

"కాగితం మీద అందంగా గీస్తే సరిపోదు. వాడే మనిషి చేతిలో పెట్టి చూడాలి" అన్నారు వర్క్‌షాపు మాస్టారు. చేతులు వణికేవాళ్లు ఒలకబోసుకోకుండా తినేలా చెంచా తయారుచేయమని చెప్పి, ఈ ముసలాయన్ని తెచ్చి కూర్చోబెట్టారు.

ఆయనెవరో పిల్లలు అడగలేదు, మాస్టారు చెప్పలేదు.

తల ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది. చేతులు కుట్టుమిషను సూదిలా ఆడుతూనే ఉంటాయి.

"ఇంకో... సారి" అన్నాడు ముసలాయన ముద్దముద్దగా.

కంపాస్ జట్టులోని జిగురు అనే పిల్ల, గిన్నెలో మళ్లీ జావ పోసింది. వేళ్లకి ఎప్పుడూ జిగురంటుకుని తిరుగుతుందని ఆమెకి ఆ పేరు.

మళ్లీ ఒలికింది.

"ఇంకోసారి."

"తేరగా వస్తోందని గిన్నెలకి గిన్నెలు లాగిస్తున్నాడే!" అంది జిగురు, కంపాస్ చెవిలో.

"లోపలికి పోయేదెంత? సగం చొక్కాకే పెడుతున్నాడు" అంది కంపాస్, రెండు వేళ్లతో గుడ్డ పట్టుకుని బల్ల తుడుస్తూ.

ఆ మధ్యాహ్నం ఇంట్లో అమ్మ పెరుగు వడ్డిస్తే కంపాస్‌కి చొక్కా మీది ఆ జావే గుర్తొచ్చింది. కంచం పక్కకి తోసేసింది.

మరుసటి వారం వంకీ పిడితో ఇంకో చెంచా చేశారు. ముసలాయన దాన్ని అటూ ఇటూ ఆడించి, ఏదో చెప్పబోయాడు.

"బ... రువు..."

"ఏంటట?"

"బరువుగా ఉందటే" అంది జిగురు.

ఆ తర్వాత ఇంకా ఏదో గొణిగాడు. వినాలంటే ఆ నోటి దగ్గర చెవి పెట్టాలి. ఎవరు పెడతారు?

పిడి చెక్కి చెక్కి సగం తేలిక చేశారు.

పై వారం ఆ చెంచా ఆయన చేతిలో ఎగిరెగిరి పడింది. నోట్లోంచి జారిన ముద్ద వెచ్చగా వచ్చి కంపాస్ మణికట్టు మీద పడింది.

"మాస్టారూ! నా వల్ల కాదు. డోకొస్తోంది. కాస్త శుభ్రంగా తినేవాళ్లెవరూ దొరకలేదా మీకు?"

క్లాసంతా గొల్లుమంది.

"నోరు ముయ్!" అని అరిచారు మాస్టారు.

ముసలాయన చెంచాని గిన్నెలో పెట్టడానికే నానా అవస్థ పడ్డాడు. తర్వాత తన చొక్కా చేతితో, కంపాస్ ముందున్న బల్ల తుడవబోయాడు. మరక ఇంకా వెడల్పయింది.

కంపాస్ ముఖం తిప్పుకుంది.

ఆ తర్వాత ఆయన రాలేదు. ఒంట్లో బాగాలేదన్నారు మాస్టారు.

పీడ విరగడైందనుకుంది కంపాస్.

ఒకరోజు జిగురు ఊరికే చూద్దామని బోలు పిడిలో ఇనుప గుండ్లు పోసి మూత బిగించింది. ఎంత వణికించినా చెంచాలో నీళ్లు కదల్లేదు!

పాఠశాలల ప్రదర్శనలో ఆ చెంచాకే మొదటి బహుమతి. అది ఎలా పనిచేస్తుందో చూపించడానికి కంపాస్ తల వాల్చి, మూతి వంకర పెట్టి, చేతులు గజగజ ఆడించింది. జనం పడీపడీ నవ్వారు. చప్పట్లే చప్పట్లు.

మాస్టారు మాత్రం నవ్వలేదు.

"ఆ చెంచా ఆయన కోసం చేసింది. వెళ్లి ఇచ్చి రా" అన్నారు.

కంపాస్ ముందుజాగ్రత్తగా చేతిరుమాలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది.

తలుపు తీసింది ఆయన భార్య. లోపల ఏ కంపూ లేదు. గచ్చు అద్దంలా ఉంది. భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ, మడత నలగకుండా పరిచి ఉంది.

"మామ్మగారూ, ఇది తాతగారికి."

ఆవిడ చెంచా అందుకుని చేతిలో తూచి చూసింది.

"బరువుందే! బరువు పెంచితే చెయ్యి కుదురుతుందని పిల్లలకి చెప్పలేకపోయానని ఎంత మథనపడ్డారో."

కంపాస్ చేతిరుమాలు వెనక్కి దాచేసింది.

"దీంతో... పెట్టి చూడండి" అంది.

"ముక్కులో గొట్టం వేశారమ్మా. ఇక చెంచాతో పనిలేదు."

గది తలుపు సందులోంచి మంచం, దుప్పటి కింద ఇంకా ఆడుతున్న చేతులు కనిపించాయి.

ఏదో ఒక మంచి మాట అనాలనిపించింది కంపాస్‌కి.

"తాతగారికి మా జావంటే ఇష్టమండి. మళ్లీ మళ్లీ అడిగేవారు."

ఆవిడ వింతగా చూసింది.

"ఇష్టమా? జబ్బు చేశాక కన్నకూతుళ్ల ముందు కూడా ముద్ద ఎత్తలేదమ్మా ఆయన. గది తలుపేసుకుని తినేవారు. మీ మాస్టారు అడిగినప్పుడు మాత్రం, 'నాలాగా తలుపులేసుకునేవాళ్లు ఇంకా ఎంతమందో, పిల్లలు ఏదైనా కనిపెడితే వాళ్లయినా నలుగురితో కూర్చుంటారు' అని బయల్దేరారు. ఓ రోజు వచ్చి, ఇక వెళ్లనన్నారు. ఎందుకంటే చెప్పలేదు."

"సొంత కూతుళ్ల ముందు... ఎందుకండీ అంత?"

"ఆయన చేసిన ఉద్యోగం అలాంటిది" అంది ఆవిడ, బల్ల మీది తెల్లగుడ్డ అంచు సర్దుతూ. "పెద్ద హోటల్లో వడ్డించేవాళ్లందరికీ ఆయనే పెద్ద. గుడ్డ మీద ఒక్క చుక్క ఒలికినా, అసహ్యం పుట్టి ఆ పూట తనే అన్నం మానేసేవారు."