మెట్ల ముందరి జాగ

"ఓ అవ్వా! గీడ కూసోకు. లే."

రత్నాకర్ గొంతు కాస్త గట్టిగానే లేచింది.

సిమెంటు గట్టు మీద కూర్చున్న ముసలామె తలెత్తి చూసింది. పక్కన ఒక నిండు చూలాలు, ముసలామె ఇచ్చిన సీసాలోంచి నీళ్లు తాగుతోంది.

"జర నీళ్లు తాగనీ బిడ్డా. హవేలిఘనపూర్ నుంచి దవాఖానకొచ్చింది. ఎండకు కండ్లు తిరిగినయట."

"ఆమె సంగతి కాదు, నీ సంగతి. రోజూ ఈడనే ఉంటవు. ఇది బస్టాండ్ కాదు."

మెదక్ బజారులో ఆ బిల్డింగ్ లేచి ఏడాది కాలేదు. కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు. మెట్లకూ రోడ్డుకూ మధ్య విశాలంగా ఖాళీ జాగ, నీడకు రెండు కానుగ చెట్లు, వాటి చుట్టూ గట్టు.

ఊళ్లో తలా ఒక మాట. బజారు నడుమ కాపురమేంది అని కొందరు. మెదక్ కూడా పట్నమైంది అని కొందరు.

రత్నాకర్ రేగోడ్ నుంచి వచ్చి కింద బట్టల దుకాణం పెట్టాడు. పైన ఫ్లాట్ కొన్నాడు. బిల్డింగ్ వాళ్లంతా కలిసి అతణ్నే ప్రెసిడెంటును చేశారు.

"మంచిగ కట్టిండ్రు బిడ్డా," అంది ముసలామె, పైకి చూస్తూ. "కింద బేరం, పైన సంసారం. దుకాణాలు బందైనా దీపాలు ఆరవు. నాకైతె మస్తు నచ్చింది."

"నచ్చితే చూసి పో. గిట్ల అడ్డం కూసుంటే గిరాకీ లోపటికెట్ల రావాలె?"

ఆమె చూలాలి చేయి పట్టుకుని మెల్లగా లేచింది.

"పా బిడ్డా, ఆటో ఎక్కిస్త."

పై నుంచి ఇదంతా చూసిన దేవిక, భర్త అన్నానికి రాగానే అడిగింది.

"ఎలిశిబమ్మను ఎందుకట్లన్నరు?"

"ఎవరు? ఆ ముసలామెనా? పేరు గూడ తెలుసా నీకు?"

"మన రిషిత ట్యూషన్ నుంచొచ్చి ఆమె దగ్గర్నే కూసుంటది. చర్చి వెనక చెల్లె ఇంట్ల ఉంటదట. ఎవ్వరినీ ఒక్క మాటనదు."

"ముక్కు మొఖం తెల్వనామె దగ్గర పిల్లను కూసోపెడ్తవా? మంచిగున్నది!"

ఆ తర్వాత ఎలిశిబమ్మ మళ్లీ కనబడలేదు.

గట్టు మాత్రం ఖాళీగా లేదు. రోజూ ఎవరో ఒకరు. చేగుంట బస్సు దిగినవాళ్లు, సంచులు మోసి అలసినవాళ్లు, పిల్లకు పాలు పట్టే తల్లులు.

రత్నాకర్‌కు చిరాకు పెరిగింది. అందరినీ మీటింగుకు పిలిచాడు.

"ముందు జాగకు గ్రిల్లు కొట్టి గేటు పెడ్దాం. మన బండ్లకు పార్కింగైతది."

మందుల దుకాణం మోసెస్ తప్ప అందరూ సరే అన్నారు.

"ఇట్ల మంది కూసుంటున్నరనే గద అన్నా ఈ బిల్డింగ్ కళ," అన్నాడు మోసెస్.

ఎవరూ పట్టించుకోలేదు. బిల్డింగ్ కట్టిన ఇంద్రకరణ్‌ను పిలిచి సంగతి చెప్పారు.

ఆయన అడ్డంగా తలూపాడు.

"గేటు పెట్టరాదు."

"ఎందుకు సార్? మా బిల్డింగ్ మా ఇష్టం గద," అన్నాడు రత్నాకర్.

"బిల్డింగ్ మీదే. ఆ జాగ మాత్రం అందరిది. భూమి ఇచ్చినామె పెట్టిన షరతు అది."

"ఎవరామె?"

"ఈడ ఆమెది ఒక పెంకుటిల్లు ఉండె. దవాఖానకొచ్చినోళ్లు, బజారుకొచ్చినోళ్లు ఆ ఇంటి అరుగు మీద కూసుని, నీళ్లు తాగి పోయెటోళ్లు. ఇల్లు ఇస్తే పైన ఒక ఫ్లాట్ రాసిస్తమన్నం. వద్దన్నది. 'నాకిచ్చే జాగ ముందల ఇడిసిపెట్టు. ఏం కొనకున్నా మనిషి కూసునెటట్టు ఉండాలె' అన్నది."



రత్నాకర్‌కు మనసు కరిగింది.

"అసొంటామెను పిలిచి శాలువ కప్పాలె సార్. నేనే పోయి తోలుకొస్త. ఎక్కడుంటది?"

"ఇంకెక్కడ? పానం పోయింది. మొన్న మంగళారమే ఆమె మట్టికి పోయొచ్చిన."

ఇంద్రకరణ్ మెల్లగా అన్నాడు.

"పానం బాగలేనప్పుడు చూడపోయి, ఆ గట్టు కాడికి ఎందుకు పోతలేవమ్మా అని అడిగితే, 'కూసునెటోళ్లు ఎక్కువైండ్రు బిడ్డా, ఇంకొకరు కూసుంటరని నేనే లేచొచ్చిన' అని నవ్వింది మా ఎలిశిబమ్మ."